తలుపవతలి పాఠం

ఎనభైలు వచ్చిన కొత్తలో, ఫొటోల పని నేర్చుకుంటానని అమలాపురంలో నా టీచరు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. మిషను బడిలో ఏడేళ్ళు మూడో తరగతికి ఎక్కాలు చెప్పినదాన్ని. ఒక ఏడాది గ్రూపు ఫొటో తీయడానికి వచ్చిన స్టూడియో ఆయన, నేను బతిమాలగా బతిమాలగా, కెమెరా మీది నల్లగుడ్డలో తల పెట్టి చూడనిచ్చారు. నా పిల్లలంతా అద్దం మీద తలకిందులుగా, రంగురంగులుగా నిలబడి ఉన్నారు. ఆ తర్వాత సుద్దముక్క పట్టుకుంటే నాకు చెయ్యి ఆడలేదు.

మా నాన్నగారు కూడా అదే బడిలో చేసి రిటైరయ్యారు. మా వంశంలో పొలం కూలికి వెళ్ళకుండా నెలజీతం తెచ్చిన మొదటి మనిషి ఆయన. ఆయన దృష్టిలో ఉద్యోగం మానడమంటే అన్నం కంచాన్ని కాలితో తన్నడమే. అయినా అరవలేదు. మేనేజరుగారితో మాట్లాడి, నా రాజీనామా కాగితాన్ని వేసవి సెలవులయ్యేదాకా సొరుగులోనే ఉంచమన్నారు.

"బడి తెరిచేలోగా నీకు పని వచ్చిందని ఆ స్టూడియో ఆయన నోటితో చెప్పాలమ్మా. చెబితే నీ ఇష్టం. లేదంటే ఆ కాగితం చింపేద్దాం," అన్నారు.

సరేనన్నాను. రెండు నెలల్లో ఆమాత్రం రాదా అనుకున్నాను. నా మొహం.

స్టూడియో ఆయన మంచివారే. కెమెరా పట్టుకోవడం, వెలుతురు చూసుకోవడం విసుక్కోకుండా చెప్పారు. చిక్కంతా ప్రింట్లు వేసే దగ్గర వచ్చింది. అది డార్క్‌రూములో, తలుపు గడియ పెట్టుకుని చేసే పని.

"మీరూ నేనూ లోపలుండి గడియేసుకుంటే ఊరు ఊరుకుంటుందాండీ టీచరుగారూ? రేపట్నుంచి ఆడవాళ్ళెవరైనా నా స్టూడియో గుమ్మం ఎక్కుతారాండీ?" అన్నారు.

మా అమ్మ వచ్చి తోడు కూర్చుంటానంది. చీకటి గదిలో ఇద్దరు ఆడవాళ్ళతోనా అని ఆయన మరింత కంగారుపడ్డారు. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టారు. నేను లోపల, ఆయన బయట స్టూలు మీద. పాఠం తలుపులోంచి. గట్టు మీద కూర్చుని ఈత నేర్పినట్టే.

నెగటివులోంచి కాగితం మీద వెలుతురు పడేశాక, ఆ కాగితాన్ని డెవలపరు ట్రేలో వెయ్యాలి. ఎర్రబల్బు వెలుగులో బొమ్మ నెమ్మదిగా తేలుతుంది. దాన్ని ఎప్పుడు తీసి పక్క ట్రేలో, బొమ్మని అక్కడితో ఆపి నిలిపే హైపో నీళ్ళలో వెయ్యాలన్నదే విద్యంతా. ముందు తీస్తే పాలిపోతుంది, ఆలస్యమైతే బొగ్గయిపోతుంది.

"ఏం కనిపిస్తందండీ?" అని బయటి నుంచి కేక.

"కనుబొమలు వచ్చాయండీ!"

"ఎంత నలుపండీ?"

కనుబొమలు ఎంత నలుపో తలుపుకి ఎలా చెప్పను? "నల్లగానే ఉన్నాయండీ!" అనేదాన్ని.

"నల్లగా అంటే? కాటుకలాగానాండీ, కాకిలాగానాండీ?"

నేను తేల్చుకునేలోగా ట్రేలో మనిషి మొహం మసిగుడ్డ అయిపోయేది. బయట ఫొటోల కోసం వచ్చి కూర్చున్నవాళ్ళు కిసుక్కుమనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఏడుపు కూడా వచ్చేది, అబద్ధమెందుకు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన పక్కన నిలబడి "ఇదిగో, ఇప్పుడు" అంటే వచ్చేసే పని అది. గట్టిగా అడిగితే, "మీ మంచికేనండీ" అనేవారు.

కొన్నాళ్ళకి ఆయనా విసిగిపోయి నన్ను అడగడం మానేశారు. కాగితం ట్రేలో వేశానని నేను అరవగానే పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టేవారు. తొంభై రాగానే, "తీసెయ్యండీ!" మూడో తరగతి నుంచి పారిపోయి వస్తే ఇక్కడా నాకు అంకెలే. కాగితాలు పాడవుతూనే ఉన్నాయి. పని వచ్చిందన్న మాట మాత్రం ఆయన నోటి నుంచి రాలేదు.

బడి తెరవడానికి రెండు రోజులుందనగా నాన్నగారు స్టూడియోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. "టీచరుగారూ, ఒకటి వేసి మీ నాన్నగారికి చూపించండీ," అని స్టూడియో ఆయన ఒక ముసలావిడ నెగటివు నా చేతికిచ్చారు.

తలుపు వేసుకున్నాను. పొద్దుటి నుంచి అదే డెవలపరులో ముప్పై ప్రింట్లు వేశామేమో, దాని బలం తగ్గిపోయింది. బయట లెక్క తొంభైకి వచ్చేసరికి ఆవిడకి జుట్టు మాత్రమే తేలింది. మొహం ఇంకా తెల్లకాగితమే.

"తీసెయ్యండీ!"

నేను తియ్యలేదు.

"టీచరుగారూ, పాడైపోద్దండీ! తీసెయ్యండీ!"

చేతులు కట్టుకుని ట్రే మీదికి వంగి చూస్తూ నిలబడ్డాను. దవడల గుంటలు వచ్చాయి. ఒక్కొక్కటే ముడతలు వచ్చాయి. ఆఖరికి కంట్లో చిన్న మెరుపు మిగిలి, చుట్టూ నలుపు నిలిచింది. అప్పుడు తీశాను. ఎవరూ చెప్పకుండా, నా కళ్ళకి తెలిసి తీశాను. నాకు పని వచ్చేసింది.

కడిగి, తలుపు తీసి, తడి ప్రింటు స్టూడియో ఆయన చేతికిచ్చాను. గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశారు.

"చూసేరాండీ మాస్టారూ! నా లెక్క తప్పదండి. తొంభై అనగానే తీసేరు, అందుకే ఇలా వచ్చింది. ఇంక పని వచ్చేసినట్టేనండి. మీ అమ్మాయిగారు చెప్పినమాట వింటారండి," అన్నారు.

వినలేదు కనకే వచ్చిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. నాన్నగారు బెంచీ మీంచి లేచారు. రెండు నెలలుగా బిగుసుకుని ఉన్న ఆయన మొహం అప్పుడే కాస్త వదులైంది.

"నిజమేనా అమ్మా? ఆయన చెప్పినట్టే చేశావా?"

"ఆయ్," అని తలూపాను.