బర్మా వెళ్లిన తాత పటం

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లొచ్చిన మా తాత, ఆ సంగతులు ఒక్క ముక్క కూడా చెప్పకుండానే నా చిన్నతనంలో పోయాడు. అవి తెలుసుకుందామని పోయినేడు బోగోలు దగ్గర ఆయన పుట్టిన ఇంటికి వెళ్లాను. మహాలయ అమావాస్య నాడైతే అందరూ ఇంట్లోనే ఉంటారని ఆ రోజే బయలుదేరాను.

లోపల గోడ మీద సిపాయి దుస్తుల్లో తాత పటం. దానికి దండ. ముందు విస్తరిలో అన్నం, వడలు.

తాత తమ్ముడి కొడుకు ఎదురొచ్చాడు.

“పెదనాన్నా, ఈయన మా తాత. నాయుడుపేట నుంచి వచ్చాను.”

“నేనెవరికి పెదనాన్న? ఆ పటంలో ఆయన యుద్ధంలోనే చచ్చిపోయినాడు. మా నాయన కర్మ చేసినాడు. చచ్చినోడికి మనవరాలు ఏడనుంచి వస్తుంది?”

“మా తాత నా కళ్ల ముందు పోయాడు. కొరివి పెట్టింది మా నాన్న!”

వెనక నుంచి పెదనాన్న భార్య అందుకుంది. “కర్మ చేసి, పొలం పంచుకున్నాక వచ్చి వాకిట్లో నిలబడితే ఎట్లా రానిస్తారు? ఆయన్నే రానీలేదు, నువ్వెవరు?”

కనీసం పటాన్ని ఫోటో తీసుకుంటానన్నాను. పెదనాన్న నా ఫోను లాక్కుని వీధిలోకి విసిరేశాడు. ఆ విస్తరిని కూడా దాని వెనకే విసిరేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

పగిలిన ఫోను పట్టుకుని బస్సెక్కాక గుర్తొచ్చింది. ఏటా ఆ అమావాస్య నాడు తాత మా ఇంట్లో అన్నం ముట్టేవాడు కాదు. నాయనమ్మ పిలిస్తే, “నాకు ఊళ్లో పెట్టేసినార్లే” అనేవాడు. ఆయన చాదస్తం అనుకుని మేం తినేసేవాళ్లం.