మోకాలి కట్టు

విజయవాడ శివార్లలో ఒక వినోదాల పార్కు చూసుకుని, నేనూ మా ఎనిమిదేళ్ల అమ్మాయీ పామర్రు బస్సెక్కాం. దాని మోకాలికి కట్టు ఇంకా అలాగే ఉంది. ఎండలో క్యూ తప్పించుకోవడానికి పొద్దున నేనే చుట్టి, కుంటుతూ నడవమన్నాను. వికలాంగుల గేటులోంచి వెంటనే పంపేశారు. తెలివైన పని చేశాననే అనుకున్నాను.

బస్సులో చేతికర్ర పట్టుకున్న ఒకావిడ ఆ కట్టు చూసి, జరిగి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచండీ?" అని నన్నడిగింది.

"ఈమధ్యే," అన్నాను.

"నాకూ ఈ వయసులోనే మొదలైందండీ. మొదట్లో పైకేం కనపడేది కాదు. ఎక్కడన్నా ముందు పంపిస్తే, క్యూలో వాళ్లు దొంగ నాటకం అనేవాళ్లు. మిమ్మల్ని ఎవరన్నా అంటే పట్టించుకోకండి," అంటూ కట్టు మీద మెల్లగా నిమిరింది.



పామర్రులో దిగగానే కట్టు విప్పేశాను. అమ్మాయి కుంటుతూనే ఉంది.

"ఇక చాలమ్మా, మామూలుగా నడు," అన్నాను.

"మామూలుగానే నడుస్తున్నా కదా నాన్నా," అంది.

ఏడాది దాటింది. ఇప్పటికీ బయటికెళ్తే దాన్ని ముందు నడవనిచ్చి, నేను దాని కాళ్లే చూస్తూ వెనకాల నడుస్తాను.