అక్రిలిక్‌లో జాకెట్టు అట్టలు

2007లో అమలాపురం ఎర్రవంతెన దగ్గర మా బావ, నేను కలిసి తలుపులు చెక్కే షెడ్డు నడిపేవాళ్లం. ఉలి పనికి సాయంగా ఆ ఏడే సీఎన్‌సీ రౌటర్ తెచ్చాం. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే, మంచమంత బల్ల మీద బిట్ అనే పదునైన చిన్న ఉక్కు కడ్డీ గిర్రున తిరుగుతూ అటూ ఇటూ పరుగెత్తి ఆ బొమ్మను చెక్కలో తవ్వేస్తుంది. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడికి సెలవు పెట్టి, ఆ సెలవు మీదే ఇప్పటికీ ఉన్నాను. బావ ఇంటరు. అందుకని కంప్యూటర్ సంగతి బావ, దుమ్ము సంగతి నేను చూసుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఉప్పలగుప్తం నుంచి ఆటోలో ఒకావిడ దిగారు. చేతిలో పాత అట్టల కట్ట. ఆటోలో అడ్డంగా ఒక అక్రిలిక్ షీటు, అంటే అద్దంలా అవతలిది కనిపించే గట్టి ప్లాస్టిక్ పలక, అయిదు మిల్లీమీటర్ల మందం. రాజమండ్రి నుంచి తెప్పించారట. పేరు సత్యవతిగారు. ఆ చుట్టుపక్కల పట్టు జాకెట్టు కుట్టించుకోవాలంటే ఆవిడ దగ్గరికే వెళ్లేవారు.

"తలుపులు చూపించమంటారాండీ?" అన్నాను.

"తలుపులున్నాయండి. వాటిని గుద్దుకోకుండా వెళ్లడమే కష్టంగా ఉంది," అని నవ్వేరావిడ.

షుగరు వల్ల చూపు తగ్గిపోయిందట. రంగులు తెలుస్తాయి, సుద్దగీత కనపడదు. కిందటి నెల ఒక పెళ్లికూతురి జాకెట్టు చంక దగ్గర తప్పు కోసేశారు. ఆ రోజు నుంచి కత్తెర ముట్టుకోలేదు.

"మావాళ్లు ఇంక చాలు, ఖాళీగా కూర్చోమంటున్నారండి. ముప్పయ్యేళ్లు కుట్టు మిషన్ ముందు కూర్చున్నదాన్ని, ఖాళీగా కూర్చోడం నాకు రాదండి."

ఆవిడ ఉపాయం ఇదీ. గీత కనపడకపోతే పోయింది, అంచు చేతికి తెలుస్తుంది కదా. జాకెట్టు ముక్క ఆకారంలో ఉన్న అట్టను గుడ్డ మీద అదిమిపెట్టి, దాని అంచు వెంట కత్తెర నడిపించాలి. అట్టతో చేస్తే కత్తెర అట్టనీ కోసేసింది. ప్లాస్టిక్ అయితే కోయలేదు. సైజు తెలియడానికి అంచున గాట్లు ఉండాలి: ముప్పై రెండుకు ఒకటి, ముప్పై నాలుగుకు రెండు, ముప్పై ఆరుకు మూడు. వేలితో లెక్కపెట్టుకుంటారు.

"అంచు మాత్రం నున్నగా రావాలండి. ఆవగింజంత గరుకున్నా పట్టు దారం లాగేస్తుంది. ఇది కుదిరితే మళ్లీ కత్తెర పడతాను. కుదరకపోతే మావాళ్ల మాటే వింటాను."

"ఆయ్, ఎంతసేపండీ, గంట పని," అన్నాడు బావ. అప్పటికి మేం ఆ మిషను మీద ప్లాస్టిక్ ముక్క ఒక్కటి కూడా కోసిన పాపాన పోలేదు.

బావ అట్టల కొలతలు కంప్యూటర్లోకి ఎక్కించాడు. టేకుకు వాడే బిట్టే బిగించాం. దానికి రెండు ఫ్లూట్లు. ఫ్లూట్ అంటే బిట్ మీద మెలి తిరిగిన గాడి. ఒక్కో గాడికి కోసే అంచు ఒకటి ఉంటుంది, కోసిన పొట్టు ఆ గాడిలోంచి పైకి వస్తుంది. బిట్‌ను తిప్పే మోటారును స్పిండిల్ అంటారు. దాన్ని నిమిషానికి ఇరవై నాలుగు వేల చుట్ల మీద పెట్టాం. బిట్ ముందుకు నడిచే వేగం ఫీడ్. అది నిమిషానికి ఆరు వందల మిల్లీమీటర్లు.

"పరాయివాళ్ల షీటు రా. మెల్లగా, మర్యాదగా పోనిద్దాం," అన్నాడు బావ. మా వైపు కొత్త అల్లుడికీ కొత్త సరుక్కీ ఒకే మర్యాద.

జానెడు కూడా పోకముందే కాలిన వాసన వచ్చింది. పొట్టు రాలాల్సింది పోయి జీళ్లపాకంలా బిట్‌కు చుట్టుకుంది. బావ కంగారుపడి ఫీడ్‌ను మూడు వందలకు దించాడు. అప్పుడు ఇంకా వింత జరిగింది. బిట్ ముందు కోసుకుంటూ పోతుంటే, వెనకాల కరిగిన ప్లాస్టిక్ మళ్లీ అతుక్కుపోతోంది. కత్తితో నీళ్లు కోసినట్టుంది. ముక్క షీటులోనే ఉంది, గాట్లు పూడిపోయాయి, సగం షీటు పాడైంది. మిగిలిన సగంలో మూడు సైజులూ కలిపి సరిగ్గా ఒక్క సెట్టు పడుతుంది.

"సత్యవతిగారండీ, ఇది మా మిషనుకి లొంగే సరుకు కాదండీ," అని బావ చేతులు తుడుచుకున్నాడు.

ఆవిడ స్టూలు మీంచి లేవలేదు. "మరోలా అనుకోకండి బాబూ. మీ మిషను కొయ్యట్లేదండి, నములుతోంది."

"మీకెలా తెలిసిందండీ?"

"చప్పుడండి. భయపడుతూ కోస్తే కత్తెర కూడా అలాగే మూలుగుతుంది, పట్టు నలిగిపోతుంది. నోరు నిండా తెరిచి, ఆగకుండా పోవాలండి. ఎందుకంత మెల్లగా పోనిస్తున్నారు?"

"మర్యాదండీ," అన్నాను నేను.

"మర్యాద నాకివ్వండి, చాలు. దానికెందుకూ?"

ఆ మాట నాకు పట్టుకుంది. చెక్క ముక్క మీద పెన్సిల్‌తో లెక్క వేశాను. ఇరవై నాలుగు వేల చుట్లు, రెండు అంచులు, అంటే నిమిషానికి నలభై ఎనిమిది వేల కొరుకుళ్లు. ఆ నిమిషంలో బిట్ నడిచేది ఆరు వందల మిల్లీమీటర్లు.

"బావా, నీ ఇంటరు బయటికి తియ్యి. ఒక్కో కొరుకుడికి ఎంత?"

"మిల్లీమీటరులో ఎనభయ్యో వంతురా."

అంత పలచగా ఏ అంచూ కోయదు, రాసుకుంటూ పోతుంది. రాపిడికి వేడి పుడుతుంది. టేకైతే కాస్త మాడి ఊరుకుంటుంది, ప్లాస్టిక్ కరిగిపోతుంది. పొట్టు మందంగా లేస్తే ఆ వేడిని తనతో పట్టుకుపోతుంది. కాబట్టి చుట్లు తగ్గాలి, అంచులు తగ్గాలి, నడక పెరగాలి.

అంచులు తగ్గించడం ఎలాగంటే, మిషనుతో వచ్చిన డబ్బాలో ఒకే ఫ్లూట్ ఉన్న బిట్ ఒకటుంది. రెండో అంచు వెయ్యడం మర్చిపోయి మాకు అంటగట్టాడని అమ్మినవాణ్ణి తిట్టుకుని, ఆయుధపూజకు బొట్టు పెట్టి పక్కన పడేశాం. అది ప్లాస్టిక్ కోసమే చేసిందని ఆ రోజే తెలిసింది. బొట్టు తుడిచి బిగించాను. పదహారు వేల చుట్లు, ఫీడ్ పదహారు వందలు. అంటే ఒక్కో కొరుకుడికి మిల్లీమీటరులో పదో వంతు. అయిదు మిల్లీమీటర్లూ ఒకేసారి కాకుండా రెండు దఫాలుగా దించాలనుకున్నాం.

ముందు పాడైన సగం మీద చూశాం. బావ ఆపే బటన్ మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. తెల్లటి పొట్టు కొబ్బరికోరులా ఎగిరి నా చొక్కా మీద పడింది. పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, అంతే.

"ఇప్పుడు కోస్తోందండి," అన్నారావిడ, మేం చెప్పకముందే.

మంచి సగం ఎక్కించాం. మూడు సైజులకూ వీపు ముక్క, ముందు ముక్క, చెయ్యి ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆవిడ ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని అంచు చుట్టూ చూపుడు వేలు తిప్పారు. ఒక ముందు ముక్క మీద రెండో గాటు దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడేదో ఉందండి."

రెండు కళ్లూ పెట్టి వెతికినా నాకేం కనపడలేదు. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే వెంట్రుకంత పొర. చాకు మొనతో గీకేసి ఇచ్చాను.

సంచిలోంచి ఆకుపచ్చ పట్టు ముక్క తీసి బల్ల మీద పరిచారు. వీపు ముక్క పెట్టి ఎడమ అరచేత్తో అదిమారు. కత్తెర నోరు తెరిచి అంచుకు ఆనించారు. బావ నాకేసి చూశాడు, నేను నేలకేసి చూశాను. కత్తెర ఎక్కడా ఆగలేదు. మెడ వంపు, భుజం, చంక ఒకే చప్పుడుతో అయిపోయాయి. కోసిన అంచు వెంట వేళ్లు పోనిచ్చి, గుడ్డను చెంపకు ఆనించుకున్నారు. ఒక్క దారం లేవలేదు.

"ఎలా ఉందండీ?" అన్నాడు బావ, పరీక్ష రాసినవాడిలా.

"ముప్పై ఎనిమిది అట్ట కూడా ఉందండి ఇంట్లో," అన్నారు సత్యవతిగారు, కత్తెర మూసి సంచిలో పెట్టుకుంటూ. "మళ్లీ శుక్రవారం షీటు పట్టుకొస్తాను. ఖాళీ ఉంచుకోండి."

తర్వాత ప్లాస్టిక్‌లో చాలా రకాలు చూశాను. షీటు మారితే అంకెలు మారతాయి, బిట్ మారితే మారతాయి. అవి ఎవరైనా కాగితం మీద రాసి ఇవ్వగలరు. మెల్లగా పోవడమే జాగ్రత్త అనుకునే అలవాటు మాత్రం ఆ రోజు వదిలింది. ఇంకో అలవాటు పట్టుకుంది. ఏ ముక్కయినా మనిషి చేతికిచ్చే ముందు కళ్లు మూసుకుని దాని అంచు చుట్టూ వేలు తిప్పుతాను. కొత్తగా వచ్చినవాళ్లు "పట్టపగలే కునుకాండీ?" అంటారు. కళ్లు తెరవకుండానే "ఆయ్" అని, మిగతా అంచు కూడా పూర్తి చేస్తాను.