పేకబల్ల ముందు సభాపర్వం

ధర్మాన్ని కాపాడబోయి నా పరువు ఎలా మంటగలిసిందో చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పొద్దున చూసిన చేను సాయంత్రానికి కాలనీ అయ్యేది. మా అక్కకు మన్సూరాబాద్‌లో ప్లాటు ఉండేది, దానిలో ఇల్లు కట్టుకోవాలని ఆశ ఉండేది. అప్పుడే పెద్ద అంబర్‌పేట్ అవతల ఎవరో గోల్ఫ్ రిసార్టు పెట్టారు. ఛాంపియన్‌షిప్ మైదానాలు రెండు, క్యాసినో ఒకటి అని కరపత్రం. మీ ప్లాటు మాకిచ్చి, ఇక్కడ జాగా, జీవితాంతం సభ్యత్వం తీసుకోండన్నారు. బావ ప్లాటు కాగితాలు సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

"తమ్మీ, నువ్వు గీత చదివినోడివి. ఆయన సంతకం పెట్టకుంట సూడు," అని అక్క నన్ను రిసార్టు బస్సెక్కించి, తనూ ఎక్కింది.

ఛాంపియన్‌షిప్ మైదానమంటే కందిచేను కొట్టేసిన నేల. మధ్యలో ఒక జెండా, దాని కింద గుంట. గడ్డి కరపత్రంలోనే మొలిచింది. ఆడవాళ్లను మోడల్ ఇల్లు చూపిస్తామని తీసుకుపోయారు. నేను ఆ గుంటను తిట్టి తలెత్తేసరికి బావ లేడు. క్యాసినో అని బోర్డున్న రేకుల షెడ్డులో, సంచి ఒళ్లో పెట్టుకుని పేకాడుతున్నాడు.

కోపం నెత్తికెక్కింది. శనివారం సత్సంగంలో భారతం చెప్పేవాణ్ని కదా, అక్కడే నిలబడి జూదం కథ అందుకున్నాను. శకుని పాచికలు విసిరినట్టు చెయ్యి విసిరాను. పణం పెట్టినప్పుడల్లా గొంతు పెంచాను. ముక్కలు పంచే చేతులు ఆగిపోయాయి. నా వాక్కు పనిచేస్తోందని పొంగిపోయాను.

నేను ద్రౌపది దాకా రాకముందే ఒక పెద్దమనిషి నిట్టూర్చాడు. "ధర్మరాజుకు ఆడరాదు పంతులూ. ఆయన జాగల నేనుంటే రెండో ఆటకే లేస్తుంటి."

పక్కాయన తనైతే సొంత పాచికలు తెచ్చుకునేవాడినన్నాడు. ఇలా ఒక్కొక్కరూ కురుసభలో గెలిచేసి, అదే ఊపులో బల్లల చుట్టూ చేరారు. ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా. మేనేజరు నాకు సోడా తెప్పించి, "ప్రతి ఆదివారం రండి స్వామీ, బస్సు పంపిస్తాం," అన్నాడు.

ఒళ్లు తెలియని కోపంతో బావను భుజం పట్టి లేపాను. ఆట మధ్యలో లేస్తే ఖరాబవుతుందని, ఆయన బదులు ఎవరో ఒకరు కూర్చోవాలని బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పట్టుబట్టారు. సరే, ఈ ఒక్క ఆట ముగిస్తానని కూర్చున్నాను. ఓడాను. ఎదుటివాడు శకునేనని తేలిపోయింది. అలాంటివాడికి బుద్ధి చెప్పకుండా లేవడం అధర్మమనిపించింది. రెండోదీ పోయింది. మూడో ఆటలో "ఆ సంచి ఇటివ్వు బావా" అన్న గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు.

గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

బావ సంచిని గుండెకు హత్తుకున్నాడు. "చూసినవా, నీ తమ్ముడు ప్లాటు పెడ్తనంటుండు. నేనే ఇయ్యలే."

అక్క సంచి లాక్కుంది. దాన్ని చంకన పెట్టుకుని బస్సెక్కింది. మన్సూరాబాద్‌లో ఇల్లు లేచింది. ప్లాటును జూదగాడి బారినుంచి కాపాడిన పుణ్యాత్ముడని కాలనీలో బావకు పేరొచ్చింది.

వ్యాసులవారి మీద ఒట్టు. అప్పటినుంచి సత్సంగంలో రాజసూయం కాగానే పాండవులను నేరుగా అడవికి పంపించేస్తున్నాను. ఎందుకు వెళ్లారని ఎవరైనా అడిగితే, గాలి మార్పుకని చెబుతున్నాను.