రెండు రకాల సున్నాలు

ఫిట్స్ మందుల మీద జరిగే పరిశోధనల్లో లెక్కలు చూడడం నా ఉద్యోగం. ఆఫీసు పంజగుట్టలో, ఇల్లు అమీర్‌పేటలో, మధ్య దూరం మెట్రోలో ఒక్క స్టేషను. ఇంట్లో నా కూతురికీ ఫిట్స్ ఉన్నాయి. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలిపడతారు, జాలిపడేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట.

పాప డిగ్రీ చదువుతోంది. తనకు వచ్చేవి కిందపడి గిలగిలా కొట్టుకునే ఫిట్స్ కావు. ముందు కడుపులో ఏదో తిప్పినట్టవుతుందట. ఆ తర్వాత కాసేపు ఎటో చూస్తూ ఉండిపోతుంది, పిలిస్తే పలకదు. పక్కన ఎవరూ గమనించకపోతే, వచ్చి పోయిన సంగతి తనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

రోజూ నేనే కాలేజీలో దింపి, ఆఫీసుకు ఉరికేదాన్ని. పాపకు అది తలవంపులు. ఒకరోజు పెద్ద గొడవ అయింది. అప్పుడు నేనో షరతు పెట్టాను. వరుసగా నాలుగు నెలలు ఫిట్ రాకపోతే మెట్రోలో ఒంటరిగా పంపిస్తాను. డాక్టరు మాత్రం కొన్నాళ్లు ఎవరైనా తోడుంటే మంచిదని అన్నాడు, అంతే. నెలల లెక్క నాదే. లెక్కలవాళ్ల పిచ్చి అట్లాగే ఉంటుంది.

ఫిట్ వచ్చిన రోజున వంటింటి కేలండర్ మీద నేను ఎర్ర గుర్తు పెడతాను; నాలుగు నెలలూ ఒక్కటీ పడలేదు. అత్తమ్మ సంతోషానికి అంతు లేదు. "ఎల్లమ్మ తల్లి సల్లగ సూసింది బిడ్డా, గీసారి బల్కంపేటల బోనం నేనే ఎత్తుతా" అంది. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని మనిషి, నైవేద్యం కుండ నెత్తిన పెట్టుకుని అమ్మవారి గుడిదాకా నడుస్తుందట! పాప ఒంటరిగా కాలేజీకి పోవడం మొదలుపెట్టింది. ఫోను మోగితే నా గుండె జారేది, మోగకపోయినా జారేది. అమీర్‌పేట స్టేషన్‌లో ఒక రైలు దిగి ఇంకో రైలుకు ఉరికే జనం, ఆ ఎస్కలేటర్లు, ప్లాట్‌ఫాం అంచున ఆ పసుపు గీత, అన్నీ కుర్చీలో కూర్చున్నా కళ్లముందే ఉండేవి.

ఆ రోజుల్లోనే ఒక కొత్త మాత్ర లెక్కలు నా చేతికొచ్చాయి. మాత్ర వేసుకున్నవాళ్లకు నెలకెన్ని ఫిట్స్, వేసుకోనివాళ్లకు ఎన్ని, అదీ ప్రశ్న. ఇట్లాంటి వాటికి అందరూ మొదట పట్టేది పాయిజాన్ పద్ధతి. సగటు ఏపాటిదో హెచ్చుతగ్గులూ ఆపాటివే ఉంటాయని అది నమ్ముతుంది. నెలకు సగటున రెండు వచ్చే మనిషికి ఒక నెల ఒకటి, ఇంకో నెల మూడు అనుకుంటుంది. ఫిట్స్ అట్లా మర్యాదగా వస్తాయా? ఉలుకూ పలుకూ లేకుండా నెలలు గడిచి, తర్వాత ఒక్క వారంలో గుంపుగా మీద పడతాయి. ఆ పద్ధతిలో మాత్ర అద్భుతంగా పనిచేసినట్టు కనబడింది. హెచ్చుతగ్గులకు చోటిచ్చే నెగెటివ్ బైనామియల్ పద్ధతికి మార్చగానే ఆ అద్భుతం సగం ఆవిరైపోయింది.

మా టీమ్ హెడ్‌ది గుంటూరు. ఫలితం చూసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏంటండీ ఇది, మళ్లీ మొదటికి తెచ్చారు?"

"మొదటి లెక్క తప్పండి" అన్నాను. "ఇంకో తిరకాసు కూడా ఉంది. ఒక సెంటర్ నుంచి సున్నాలు మరీ ఎక్కువొచ్చాయి. ఏ పద్ధతికీ లొంగడం లేదు."

సెంటర్ అంటే మాత్రను రోగుల మీద పరీక్షిస్తున్న ఆసుపత్రి; వాళ్లను అడిగితే రెండు రోజులకు జవాబొచ్చింది. అక్కడి రోగుల్లో ఎక్కువమంది డ్రైవర్లు. ఫిట్ వచ్చిందని చెబితే బండి తీసేసుకుంటారని భయం. అంటే ఆ సున్నాల్లో రెండు రకాలున్నాయి. ఫిట్ రాని సున్నాలు కొన్ని, వచ్చినా చెప్పని సున్నాలు కొన్ని. పైకి రెండూ ఒకేలా కనబడతాయి.

అదే మాట టీమ్ హెడ్‌కు వివరిస్తూ వివరిస్తూ ఆగిపోయాను. మా కేలండర్ సున్నాలు మొదలైంది ఏ నెలలో? నేను షరతు పెట్టిన నెలలో. అంతకుముందు ఆగడం, గుంపుగా రావడం, మళ్లీ ఆగడం. ఆ తర్వాత గీత గీసినట్టు వరుసగా సున్నాలు. ఇంకెవరి లెక్కలైనా అయితే వాటిని చూసిన నిమిషంలో అనుమానించేదాన్ని.

తలనొప్పి అని చెప్పి బయటపడ్డాను. అమీర్‌పేట స్టేషన్ మెట్ల కింద పాప కోసం నిలబడ్డాను. ప్రతి రైలు నుంచీ జనం దిగి వస్తున్నారు, పాప రావడం లేదు. చివరికి బ్యాగు ఊపుకుంటూ దిగింది. నన్ను చూడగానే మొహం మాడ్చుకుంది.

"మళ్ల వచ్చినవా అమ్మా? ఒక్కదాన్నే రానిస్త అన్నవ్ గద!"

పక్కనున్న జ్యూస్ బండి దగ్గరికి తీసుకుపోయాను. తిరుగుడు మాటలు నాకు చేతకావు. "ఫిట్స్ వస్తున్నయా?" అని అడిగాను.

పాప గ్లాసులో స్ట్రా తిప్పుతూ కూర్చుంది. "ఎవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. సున్నాలు మరీ ఎక్కువున్నయి."

నవ్వబోయి ఏడ్చింది. "వస్తున్నయమ్మా. కాలేజీల రెండుసార్లు. మొన్న గీ ప్లాట్‌ఫాం మీదనే జరసేపు బ్లాంక్ అయిన. ఎవరో ఆంటీ చెయ్యి పట్టుకొని కూసోబెట్టింది. చెప్తే ఒక్కదాన్నే పోవుడు బందు చేస్తవ్ గద. నానమ్మ సుత బోనం అనవట్టే. ఎట్ల చెప్పాలె?"

ఆ పసుపు గీత కళ్లముందుకొచ్చింది. చేయిపట్టి ఇంటికి లాక్కుపోయి, మళ్లీ గడప దాటనివ్వొద్దనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంటే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పినందుకు శిక్ష పడితే ఇకమీదా సున్నాలే చూపిస్తుంది. ఫిట్స్ ఆగవు, నాకు తెలియడం ఆగుతుంది.

"బందు చెయ్య" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "షరతు గిరతు ఏం లేదు. రేపు డాక్టర్ దగ్గరికి పోదాం. అంచుకు దూరంగ నిలబడాలె. దోస్తు తోడుంటెనే రైలెక్కాలె. వస్తే మాత్రం చెప్పాలె."

"నిజంగ బందు చెయ్యవా?"

"చెయ్య."

డాక్టరు మందు మార్చాడు. అత్తమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుని, తర్వాత "బోనం ఎట్లైనా ఎత్తుడే" అంది. పది రోజులకు, నేను ఆఫీసులో ఆ సున్నాలతోనే కుస్తీ పడుతుండగా ఫోనులో మెసేజ్ వచ్చింది. "అమ్మా, ఇప్పుడే ఒకటి వచ్చింది. దోస్తు పక్కనే ఉంది. మంచిగనే ఉన్న."

లేచి ఉరకాలనిపించింది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని, లేవకుండా కూర్చున్నాను. కాసేపటికి "సరే బిడ్డా, సాయంత్రం మాట్లాడుదాం" అని పంపాను. ఆ సాయంత్రం వంటింటి కేలండర్ మీద ఎర్ర గుర్తు పెట్టింది నేను కాదు, పాపే.