రెండో షెడ్డులోని దాణా

2017లో నన్ను బొబ్బిలి ప్రాంతానికి పశుసంవర్ధక శాఖ సహాయ సంచాలకుడిగా వేశారు. శాఖలో ఏడీ అంటారు. మండలాల పశువైద్యులు ఏడీ కింద పనిచేస్తారు. ఆ వేసవిలో కోళ్ల దాణా ప్రయోగం ఒకటి పర్యవేక్షించే పని నాకు వచ్చింది.

బ్రాయిలర్ దాణాలో యాంటీబయాటిక్ కలపడం అప్పటికి మామూలు. కోడి త్వరగా బరువెక్కుతుందని, జబ్బు లేకపోయినా కలిపేవారు. దాని బదులు పెప్టైడ్‌లు కలిపి చూడాలి. ఇవి ప్రోటీన్ ముక్కలు. ఇలాంటివి జంతువుల ఒంట్లోనూ ఉంటాయి. సూక్ష్మజీవుల పైపొరకు చిల్లు పెట్టి, పేగుల్లో వాటిని పెరగనివ్వవు.

ప్రయోగానికి ఒప్పుకున్న రైతు అప్పలనాయుడు. కంపెనీ ఇచ్చే కోడిపిల్లలను పెంచి తిరిగి అప్పగించేవాడు. అంతకుముందు బ్యాచ్‌లో చాలా కోళ్లు చచ్చాయి. ఇదీ పోతే ఇక పిల్లలను దింపేది లేదని కంపెనీ సూపర్‌వైజరు చెప్పేశాడు.

మొదటి షెడ్డులో పాత దాణా, రెండో షెడ్డులో పెప్టైడ్ దాణా వేయించాం. ఎండలు ముదిరాక మొదటి షెడ్డులో చావులు మొదలయ్యాయి. కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద తెల్లటి పొర. ఈ.కోలీ అనే పేగు సూక్ష్మజీవి రక్తంలోకి చేరితే వచ్చే కోలీ జబ్బు. నమూనాలు విజయనగరం ల్యాబుకు పంపాం. సూక్ష్మజీవులను పెంచిన పళ్లెంలో మందు బిళ్లలు పెడితే, పనిచేసే మందు చుట్టూ ఖాళీ వలయం ఏర్పడాలి. అప్పలనాయుడు ఏళ్లుగా దాణాలో వేసిన మందు చుట్టూ వలయం లేదు. మార్కెట్లో దొరికే మిగతా మందులదీ అదే తీరు. రెండో షెడ్డు మాత్రం నిలకడగా ఉంది.

ల్యాబు ఫలితం చెప్పడానికి వెళ్లేసరికి మొదటి షెడ్డు సగం ఖాళీగా కనిపించింది. అతని భార్య పైడితల్లి ఎదురొచ్చింది.

“సూడండి బాబూ, మీకంటే పెద్ద డాక్టరు మా ఇంట్లోనే ఉన్నాడు. తూలుతున్న కోళ్లన్నీ అటేపు షెడ్డులోకి మార్సేసినాడు.”

“నువ్వూరుకోయే,” అన్నాడు అప్పలనాయుడు. “దాణాలు కలపొద్దన్నారు, కలపనేదు బాబూ. కోళ్లనే మార్సినాను. ఆ దాణా తిన్నయ్యి బాగున్నాయి కదా, ఇయ్యి కూడా తింటే లెగుస్తాయనుకున్నాను.”

అది పేగును కాస్తుంది గానీ, రక్తంలోకి పాకిన జబ్బును కుదర్చదని చెప్పాను. అతను నా ముఖంలోకి చూశాడు.

“మరి దాణాలో ఏసీది మందు కాదేటి బాబూ?”

జబ్బు కోళ్లను వెంటనే వేరు చేయించాం. అప్పటికే నీటి తొట్లకు, కింద పరిచిన ఊకకు జబ్బు అంటుకుంది. ఊక దుమ్ము పీలిస్తే అది ఊపిరితిత్తుల గుండా రక్తంలోకి పోతుంది. కొన్నాళ్లకే రెండో షెడ్డులో కోళ్లు నోళ్లు తెరిచి రొప్పడం మొదలైంది. ఇవ్వడానికి పనిచేసే మందు లేదు. గోతులు తవ్వించి, సున్నం చల్లించి పూడ్పించాం. సూపర్‌వైజరు వచ్చి చూసి వెళ్లిపోయాడు. కోడిపిల్లలు మళ్లీ రాలేదు. అప్పలనాయుడు షెడ్ల రేకులు విప్పి అమ్మేసి, విజయనగరంలో ఆటో అద్దెకు తీసుకున్నాడు.

పెప్టైడ్ దాణా నిగ్గు తేలలేదని నివేదికలో రాశాను. రెండు షెడ్ల కోళ్లూ కలిసిపోయాక, అంతకుమించి రాయడానికి ఆధారం లేదు.

మందును ఏళ్ల తరబడి దాణాలో కలిపి అమ్మినచోట, రైతు దాణానే మందనుకుంటాడు. కొత్త సరుకు ఏం చేయలేదో అతనికి ముందే తెలియాలి. ఆ తర్వాత నా చేతి మీదుగా జరిగిన ప్రయోగాల్లో, జబ్బుపడిన కోడిని ఎక్కడ ఉంచాలో చూపించాకే దాణా బస్తాలు దింపించాను.