ఐదు ఆర్చీల అరుగు

2017 వేసవిలో ఒక మధ్యాహ్నం ద్వారకా నగర్‌లోని మా ఆఫీసుకు ఒక పెద్దాయన వచ్చారు. కింద కోచింగ్ సెంటర్, పైన మేం. ఆ మెట్లెక్కేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. ఓడల మీద చీఫ్ ఇంజినీరుగా పనిచేసి రిటైరైన మనిషి. జాలరిపేట దగ్గర తనకున్న స్థలంలో ఆడపిల్లలకు అనాథాశ్రమం కట్టాలని ఆయన కోరిక. ఇలాంటి కోరికతో వచ్చేవాళ్లు ఆర్కిటెక్టుని ముందుగా అడిగేది తమ పేరు చెక్కే పాలరాయి ఎక్కడ పెడతారని. ఈయన మాత్రం జేబులోంచి ఒక ఫోటో తీసి నా బల్ల మీద పెట్టారు.

అది ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో దాదాపు ఆరు వందల ఏళ్ల కిందట పట్టు వర్తకుల సంఘం కట్టించిన అనాథాశ్రమం. కాలేజీలో మేమంతా చదివిందే. ముందు భాగంలో ఆర్కేడ్, అంటే స్తంభాల మీద వరసగా నిలిచిన ఆర్చీలు. వాటి వెనక లాజియా, అంటే ఒకవైపు పూర్తిగా వీధికి తెరిచి ఉండే వసారా. స్తంభం ఎత్తెంతో రెండు స్తంభాల మధ్య దూరం అంతే, వసారా లోతూ అంతే. ఆ లెక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, దిక్కులేని పిల్లలుండే చోటికి అంత అందమైన ముఖం ఎందుకు పెట్టారో ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఆ దేశం రేవులో ఓడ ఆగినప్పుడు బస్సెక్కి ఎల్లి సూసేనమ్మా," అన్నారాయన. "ఊరి నడిబొడ్డున కట్టేరు. ఎండొచ్చినా వానొచ్చినా జనం ఆ పిల్లల వసారాలోనే నిలబడతారు. పిల్లల్ని దాచిపెట్టలేదు. మన అరుగు లాంటిది కాదేటి?"

కాంపౌండ్ వాల్ లేకుండా నేను ప్లాన్ గీస్తుంటే మా డ్రాఫ్ట్స్‌మన్ నాకు మతిపోయిందనుకున్నాడు. వీధివైపు ఐదు ఆర్చీలు, ఎక్కడానికి నాలుగు మెట్లు, వసారా వెనక మాత్రమే తలుపు. నా చేతి మీదుగా చాలా అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటిలో దేన్నీ మళ్లీ చూడాలనిపించలేదు. ఆశ్రమం కట్టడం పూర్తయ్యాక దీన్ని చూడటానికి మాత్రం ఏదో వంక పెట్టుకుని వెళ్లేదాన్ని.

అలా వెళ్లినప్పుడే నూకాలమ్మ పరిచయమైంది. చేపలమ్ముకునే మనిషి. సముద్రం మీద వేటకెళ్లిన భర్త తిరిగి రాలేదు. తెల్లారకముందే హార్బర్‌కి వెళ్లి చేపలు కొని ఊరంతా తిరగాలి, ఇంట్లో పిల్లని చూసేవాళ్లు లేరు. అందుకని కూతురు గౌరిని ఆశ్రమంలో చేర్చింది. అక్కడ అలాంటి పిల్లలే ఎక్కువ. బేరం ముగించుకుని రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేది. గౌరి బయటికొచ్చి ఆమె ముందు చతికిలబడేది. పిల్ల అరిచి గోలపెట్టినా వినకుండా తల దువ్వి, గట్టిగా జడ వేసి పంపేది.

"లోపలికెళ్లి కూర్చోవచ్చుగా నూకాలమ్మా," అన్నానొకసారి.

"ఒద్దమ్మా. లోపలికెలితే సంతకం ఎట్టమంటారు, కుర్సీ ఏత్తారు. నాను సుట్టాన్నయిపోతాను. ఇక్కడైతే అమ్మనే."

ఆ రోజు నా వృత్తి మీద నాకు చాలా ఇష్టం కలిగింది.

కరోనా రెండో విడతలో పెద్దాయన పోయారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ ఆశ్రమానికి సెక్రటరీ అయ్యారు. ఒక సాయంత్రం తాగినవాడొకడు అరుగెక్కి ఒక పిల్ల చెయ్యి పట్టుకుని లాగాడు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి విడిపించాడు. మర్నాడే ఆవిడ నన్ను పిలిపించారు.

"మీ ఆర్చీలు అందంగానే ఉన్నాయి మేడమ్. రేపు పిల్లకేమైనా అయితే జవాబు మీరు చెబుతారా?"

ఆవిడ చెడ్డమనిషి కాదు, భయంతో ఆ రాత్రి నిద్రపోలేదని మొహమే చెబుతోంది. ఆర్చీలకు గ్రిల్ గీసిచ్చాను. పిల్లల తల ఇరుక్కోకుండా ఊచల మధ్య నాలుగంగుళాల కంటే తక్కువ గ్యాప్ ఉంచడం మా పద్ధతి. అలాగే ఉంచాను.

తర్వాత వెళ్లేసరికి గౌరి లోపల గ్రిల్‌కి వీపు ఆనించి కూర్చుని ఉంది. నూకాలమ్మ బయట నిలబడి, ఊచల సందుల్లోంచి రెండు చేతులూ పెట్టి జడ అల్లుతోంది. గ్రిల్ తలుపుకి తాళం, తల్లుల్ని లోపలికి రానిచ్చేది ఆదివారం మాత్రమే.

ఆమెను రోజూ కాసేపు లోపలికి రానివ్వమని సెక్రటరీని అడిగాను. ఆదివారం కలవొచ్చు కదా అన్నారావిడ.

"ఆదివారమేనమ్మా సేపల బేరం," అంది నూకాలమ్మ, ఆ సంగతి చెప్పగానే. "ఆ పూట తట్ట దించితే వారమంతా పస్తే."

ఆ మాటే తిరిగి చెబితే, ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలన్నారు సెక్రటరీ. కొన్నాళ్లకు ఊచల్లోంచి ఎవరెవరో తినుబండారాలు అందిస్తున్నారని గ్రిల్ మీద సన్నటి ఇనుప జాలీ కొట్టించారు. దానికి నన్నడగలేదు. అంతమందికి తలలు దువ్వే దిక్కు లేక, పేలు పడుతున్నాయని పిల్లలందరికీ జుట్టు పొట్టిగా కత్తిరించేశారు.

ఈ ఏడాది వానలు తగ్గాక మళ్లీ వెళ్లాను. నూకాలమ్మ మెట్ల కింద ఖాళీ తట్టతో నిలబడి ఉంది. జాలీ వెనక పిల్లలు ఆడుకుంటున్నారు.

"గౌరి ఏదీ?" అన్నాను.

"అందులోనే ఉందమ్మా. అందరికీ ఒకటే కత్తిరింపు. ఈ జాలీలోంచి ఏ గుంట నా కూతురో తెలట్లేదు."

"పిలవకపోయావా?"

"పిలిస్తే పరిగెత్తుకొచ్చేత్తాదమ్మా. మొకం జాలీకి అదిమేసి మరి కదల్దు. మొన్న బుగ్గ మీద గళ్లు పడిపోనాయి. అందుకే పిలవట్లేదు."

ఇన్నేళ్లుగా గోడలు గీస్తూ బతికాను. కాపలా కోసం గీసే ప్రతి గీతకీ అవతల ఒక మనిషి ఉండిపోతారని, గీసేముందు ఆ మనిషిని కూడా ఒక మాట అడగాలని ఇప్పుడు తెలిసింది. తెలిసీ గౌరికి ఒరిగిందేమీ లేదు. ఆ సాయంత్రం నూకాలమ్మ పక్కన నేనూ నిలబడ్డాను. పిల్లలు ఆట ముగించి లోపలికి వెళ్లేదాకా చూసి, ఆమె పిలవకుండానే తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.